దసరా గిరాకీ బాగుంది, మరి జనం బాగున్నారా?

హనుమకొండ బట్టల షాపు | 2025 అక్టోబర్ 5, రాత్రి 10:40

హనుమకొండ చౌరస్తా దగ్గర మాది బట్టల షాపు. నాన్న పెట్టింది. నేను చూసుకోవడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఈ దసరాకు గిరాకీ బాగా వచ్చింది. బతుకమ్మ మొదలైన రోజు నుంచి సద్దుల దాకా పదిన్నర లోపు షటర్ దించిన రాత్రి లేదు. టీవీలో కూడా ఇదే మాట. జనం బాగా ఖర్చు పెడుతున్నారు, దేశం ఆర్థికంగా బాగుంది అంటున్నారు.

పండగ అయ్యాక లెక్కలు ముందేసుకుని కూర్చుంటే మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. బిల్లుల సంఖ్య నిరుడి కన్నా ఎక్కువ. ఒక్కో బిల్లు మొత్తం చిన్నదైంది. పెట్టుడు చీరలు (చుట్టాలకు పెట్టేవి), పిల్లల డ్రెస్సులు బాగా పోయాయి. పట్టు కౌంటర్‌లో పిల్లలిద్దరు ఖాళీగా కూర్చున్నారు. జీఎస్టీ మారాక 2,500 లోపు రెడీమేడ్ అంతా 5 శాతంలోకి వచ్చింది కదా, వెయ్యికీ రెండున్నర వేలకూ మధ్య సరుకు బాగా కదిలింది. ఆ పైది 18 శాతమైంది, అది కదల్లేదు. ఇంకోటి, నాలుగేళ్ల కింద నోట్లు లెక్కపెట్టి ఇచ్చినవాళ్లే ఇప్పుడు క్రెడిట్ కార్డు తీసి "కిస్తీలు అవుతాయా" అని అడుగుతున్నారు.

ఎందుకు రాస్తున్నానంటే, మా షాపు పై అంతస్తు ఖాళీ అయింది. నవంబర్ పదో తారీఖు లోపు ఏదో ఒకటి చెప్పమని ఓనర్ అంటున్నారు. తీసుకుంటే అడ్వాన్సుకు, ఫర్నిచర్‌కు బ్యాంకు లోన్ తప్పదు. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఖర్చు పెరగడం అంటే జనం బాగున్నారనే అర్థమా? తెలిసినవాళ్లు చెప్పండి.

కేయూ రీడింగ్ రూమ్ | అక్టోబర్ 5, రాత్రి 11:25

అన్నా, గ్రూప్స్‌కు చదువుతున్నా కాబట్టి ఇది నా సిలబస్సే. ఖర్చు పెరగడం మంచి గుర్తే. మన జీడీపీలో దాదాపు 60 శాతం ఇళ్లలో పెట్టే ఖర్చే. పుస్తకంలో దాన్ని ప్రైవేటు తుది వినియోగ వ్యయం అంటారు. మీ షాపులో చీర కొంటే సిరిసిల్లలోనో సూరత్‌లోనో ఒక మగ్గం నడుస్తుంది, ఆ కార్మికుడు మళ్లీ కూరగాయలు కొంటాడు.

అంకెలు కూడా అదే చెప్తున్నాయి. 2023-24 గృహ వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద ఊళ్లలో మనిషికి నెలకు 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయల ఖర్చు తేలింది. తెలంగాణలో ఊళ్లలో 5,435, పట్టణాల్లో 8,978. అంటే దేశం సగటు కన్నా మనం చాలా పైన ఉన్నాం. 2011-12లో దేశంలో ఊళ్ల సగటు 1,430 మాత్రమే. ధరలు పెరిగినందుకు తీసేసి, ఆనాటి ధరల్లోకి మార్చి చూసినా ఇప్పుడు 2,079 వస్తుంది. ధైర్యంగా తీసుకోండి.

రిటైర్డ్ కామర్స్ సార్ | అక్టోబర్ 6, ఉదయం 6:15

తమ్మీ అంకెలు సరిగ్గానే ఇచ్చాడు. కానీ ఆయన అడిగింది ఈ దసరా గురించి, అప్పు చేయాలా వద్దా అని. సర్వే సగటు చూసి లోన్ మీద సంతకం పెట్టమనడం తొందరపాటు.

ముందు తేదీలు చూడండి. నిరుడు దసరా అక్టోబర్ 12న, ఈసారి అక్టోబర్ 2న. పండగ కొనుగోళ్లన్నీ ఈసారి సెప్టెంబర్‌లోకి వచ్చేశాయి. సెప్టెంబర్‌ను సెప్టెంబర్‌తో పోల్చి పెరిగిందంటే అందులో పదిరోజుల పండగ ఉంది. పైగా జీఎస్టీ తగ్గిస్తామని ఆగస్టు 15న ఎర్రకోట మీద చెప్పారు, అమలైంది సెప్టెంబర్ 22న. ఆ అయిదారు వారాలు టీవీ, ఏసీ, బండి కొనేవాళ్లంతా ఆగిపోయారు. ఆగినవాళ్లందరూ ఒక్కసారే వచ్చారు. ఆనకట్టలో నీళ్లు ఆపి గేట్లెత్తితే వరద వచ్చిందనుకుంటామా? మద్యం సంగతీ అంతే. దసరా రోజే గాంధీ జయంతి, వైన్ షాపులు బంద్. ముందు రోజు జనం ఎగబడ్డారు. ఆ ఒక్క రోజు అమ్మకం చూసి జనం జేబులో ఎంతుందో చెప్పలేం.

ఇక ఖర్చు అని దేన్ని లెక్కిస్తారో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆసుపత్రి బిల్లు వినియోగమే. పిల్లల ఫీజు వినియోగమే. మా బావకు నిరుడు జబ్బు చేసి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంటే, అరెకరం అమ్మి బిల్లు కట్టాం. దేశం లెక్కల్లో ఆ తొమ్మిది రోజులు మా ఇంటి వినియోగం బాగా పెరిగినట్టు. అమ్మిన అరెకరం ఆ పద్దులో ఎక్కడా కనపడదు. అదే ఇల్లు కట్టుకుంటే వినియోగం కాదు, పెట్టుబడి. బంగారం కొంటే అదీ వినియోగంలోకి రాదు, విలువైన వస్తువులని వేరే పద్దు. సొంతింట్లో ఉంటే మాత్రం, మీరు మీకే అద్దె కట్టుకున్నట్టు ఊహించి ఆ మొత్తం వినియోగంలో కలుపుతారు.

అందుకని "ఎంత పెరిగింది" అని అడిగి వదిలేయకండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, దేని మీద పోయింది, ఈ రెండూ అడగాలి.

నర్సంపేట మిర్చి | అక్టోబర్ 6, రాత్రి 8:50

సార్ చెప్పిన అరెకరం మాట దగ్గర ఆగిపోయాను. మాది నర్సంపేట దిక్కు. రెండెకరాల మిర్చి, మూడెకరాల పత్తి. 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటి అమ్మాను. ఈ ఏడాది ఎండాకాలంలో ఏనుమాముల యార్డులో నాకు 12 వేలు కూడా గట్టిగా పడలేదు. మిర్చి కూలీ, మందులు, తాలు ఏరినందుకు, బస్తాలు, బండి కిరాయి ఏదీ తగ్గలేదు. అడ్తిదారు (యార్డులో పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) దగ్గర అప్పు తెచ్చిన పెట్టుబడి ఇంకా కట్టకుండా మిగిలే ఉంది.

అయినా దసరాకు మా పాపకు డ్రెస్ కొన్నాను. హనుమకొండలోనే, 1,400 రూపాయలు, మీ షాపే కావచ్చు. పండగ పూట ఆడపిల్ల బతుకమ్మ ఆడటానికి పాత బట్టల్లో పోతుందా? పొమ్మంటే నా మనసు ఒప్పుతుందా? మీ గల్లాపెట్టెలో పడిన ఆ 1,400, ముందుటేడు పడ్డ 1,400 చూడటానికి ఒక్కతీరుగానే ఉంటాయి. అప్పుడు మిర్చి పైసలు, ఇప్పుడు అడ్తి పైసలు.

పట్నం వాళ్లు ధరలు తగ్గాయని సంతోషపడుతున్నారు. తగ్గిన ధర మా పంటదే.

భూపాలపల్లి బొగ్గుగని | అక్టోబర్ 7, మధ్యాహ్నం 3:10

అందరూ బాధలే చెప్తున్నారు, ఒక మంచి మాట నేను చెప్తాను. సింగరేణిలో ఈసారి లాభాల్లో 34 శాతం వాటా ఇచ్చారు. నిరుడు 33. సగటున మనిషికి 1.95 లక్షల దాకా వచ్చింది. పండగకు ముందే ఖాతాలో పడింది. నేను స్కూటర్ కొన్నాను, అప్పు లేకుండా. దాని మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో మిగిలిన దాంతో ఇంట్లో ఆడవాళ్లకు చీరలు కొన్నాం. ఇది నా కష్టం. భూమి కింద చేసిన కష్టం. ఇలాంటి ఖర్చు పెరిగితే దేశం బాగున్నట్టే, ఎవరేమన్నా.

ఒక్క విషయం ఒప్పుకుంటాను. మా పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చింది 5,500. అదే టౌన్, అవే షాపులు. వాళ్ల పిల్లలూ మా పిల్లలూ ఒకే బడి.

కాజీపేట జంక్షన్ | అక్టోబర్ 7, సాయంత్రం 6:30

భూపాలపల్లి అన్న చెప్పిందే నిజం. సార్ మాటలు వింటే మన దగ్గర ఎవరి చేతిలోనూ పైసా లేదనిపిస్తుంది. నేను రోజూ చూస్తున్నా, కొత్త కార్లు ఎన్ని తిరుగుతున్నాయి? ఆగస్టులో యూపీఐ లావాదేవీల సంఖ్య మొదటిసారి 2,000 కోట్లు దాటింది. అప్పు చేశారంటే పాపం చేసినట్టు మాట్లాడతారేంటి? నేను ఇంటి లోన్ తీసుకోకపోతే ఈ జన్మలో ఇల్లు కట్టేవాణ్ని కాదు. రేపటి జీతం మీద నమ్మకం ఉన్నవాడే అప్పు తీసుకుంటాడు, ఇచ్చేవాడూ అది చూసే ఇస్తాడు.

రిటైర్డ్ కామర్స్ సార్ | అక్టోబర్ 7, రాత్రి 7:45

అప్పు పాపమని నేను అనలేదు నాయనా. ఇంటి అప్పుకు ఇల్లు మిగులుతుంది. యూపీఐ సంగతి అంటావా, అందులో మా అబ్బాయి నాకు పంపిన డబ్బులూ ఉన్నాయి, నేను టీకి ఇచ్చిన పది రూపాయలూ ఉన్నాయి. నోటు పోయి ఫోన్ వచ్చింది. అది అంతా కొత్త ఖర్చు కాదు.

కలెక్షన్ పని మానేసిన అక్క | అక్టోబర్ 7, రాత్రి 11:55

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ఒక గ్రూపు లోన్ల కంపెనీలో ఏడేళ్లు ఫీల్డ్‌లో చేశాను, పరకాల, ములుగు దిక్కు. కాజీపేట తమ్ముడు "ఇచ్చేవాడు చూసే ఇస్తాడు" అన్నాడు. నేను ఇచ్చేవాళ్ల తరఫున ఇంటింటికీ తిరిగాను, అక్కడ చూసింది చెప్తాను.

2022లో ఆర్‌బీఐ నిబంధన మార్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తనఖా లేకుండా ఇచ్చే లోన్‌ను మైక్రోఫైనాన్స్ అంటారు. అన్ని కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నిబంధన మంచిదే. అయితే ఆదాయం ఎంతని రాసేది మేమే. కూలికి పోయే ఆమె ఆదాయం ఎంత రాయాలి? వానాకాలం నాట్లప్పుడు ఉన్నంత నెలనెలా ఉంటుందా? నాకు నెల టార్గెట్ ఉంటుంది. చెయ్యి ఎటు పోతుందో మీరే అనుకోండి.

ఒక ఇంట్లో ఫ్రిజ్ చూశాను. కొత్తది, స్టిక్కర్ కూడా తీయలేదు. ఆ ఫ్రిజ్ కిస్తీ కోసం రెండో గ్రూపులో లోన్, ఆ లోన్ కిస్తీ కోసం చెవి కమ్మలు తాకట్టు. మా మేనేజర్‌కు అది మంచి కస్టమర్, ఎందుకంటే ఏ వారమూ కిస్తీ తప్పలేదు. ఆమె కూర బదులు పచ్చడి మెతుకులు తినడం నేను చూశాను. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు తప్ప ఏమీ లేవు. ఫ్రిజ్ కొన్న నెలలో ఆమె ఖర్చు పెరిగింది. ఆ తర్వాత రెండేళ్లు తిండి దగ్గర తగ్గింది.

2010లో మన జిల్లాల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఈ మైక్రోఫైనాన్స్ అప్పుల వల్ల ఆత్మహత్యలు జరిగాక అక్టోబర్‌లో ప్రభుత్వం వాటి మీద ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆ తర్వాత నేనే ఆ పనిలోకి వెళ్లాల్సి వచ్చింది, ఇంట్లో పరిస్థితి అట్లాంటిది. మానేసి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు కుట్టుపని చేసుకుంటున్నాను.

కాజీపేట జంక్షన్ | అక్టోబర్ 8, ఉదయం 7:05

అక్కా, నాకు ఇది తెలియదు. నేను నా జీతం లెక్కలోంచి మాట్లాడాను. కార్డుల మీద, పర్సనల్ లోన్ల మీద 2023 నవంబర్‌లో ఆర్‌బీఐ ఎందుకు పట్టు బిగించిందో ఇప్పుడు అర్థమవుతోంది. అప్పట్లో నాకు లోన్ లేటయిందని తిట్టుకున్నాను.

రిటైర్డ్ కామర్స్ సార్ | అక్టోబర్ 8, ఉదయం 9:20

అమ్మా, మీరు రాసింది నేను ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పలేకపోయాను. దీనికి ఒక్క అంకె కలుపుతాను. 2022-23లో దేశంలో కుటుంబాలు అప్పులు పోగా దాచుకున్న ఆర్థిక పొదుపు జీడీపీలో 5 శాతం దగ్గరికి పడిపోయింది. కొన్ని దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. జనం ఆ డబ్బుతో ఇళ్లు, వాహనాలు కొన్నారని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. అందులోనూ నిజం ఉంది, కాజీపేట తమ్ముడి ఇల్లు అలాంటిదే. ఆ ఫ్రిజ్ మాత్రం ఆ కోవలోది కాదు.

దేశాయిపేట ఇల్లాలు | అక్టోబర్ 9, మధ్యాహ్నం 2:30

మా ఇంట్లో ఈ ఏడాది ఖర్చు తగ్గింది, కానీ మేం నిరుటి కన్నా బాగున్నాం. ఇది ఎవరూ అనట్లేదు కాబట్టి రాస్తున్నాను.

మేం అయిదుగురం. ఇంతకుముందు రేషన్ దొడ్డుబియ్యం తినలేక ఇంటి ముందుకొచ్చే వాళ్లకు కిలో పదికో పన్నెండుకో ఇచ్చేసేవాళ్లం. సన్నబియ్యం షాపులో కొనేవాళ్లం. ఈ ఉగాది నుంచి రేషన్‌లోనే మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. బియ్యం బిల్లు చాలా తగ్గింది. నేను వారానికి మూడుసార్లు మా అమ్మ దగ్గరికి జనగామ పోతాను, ఆమెకు డయాలసిస్. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. టికెట్ పైసలు మిగులుతున్నాయి. అంతకుముందు వారానికి ఒక్కసారే పోగలిగేదాన్ని. నేను ఖర్చు తగ్గించుకున్నానని సర్వే వాళ్లు రాసుకుంటే, నాకు కష్టం వచ్చిందనుకుంటారా?

కేయూ రీడింగ్ రూమ్ | అక్టోబర్ 9, రాత్రి 9:15

అక్కా, మీరు అడిగింది సర్వే వాళ్లకూ తట్టింది. రేషన్ బియ్యం లాంటి ఉచిత వస్తువులకు విలువ కట్టి రెండో లెక్క వేశారు. అందులో 2023-24 ఊళ్ల సగటు 4,122 నుంచి 4,247 అవుతుంది. బస్సు లాంటి సేవలకు మాత్రం అట్లా విలువ కట్టలేదు. మీరు అమ్మను చూసుకోవడం ఏ లెక్కలోనూ రాదు.

మొదట రాసిన దాంట్లో ఒకటి సరిచేసుకుంటాను. 2011-12తో నేరుగా పోల్చాను. 2022-23 నుంచి సర్వే పద్ధతి మారింది, ఒక్కసారి వెళ్లే చోట ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్లి అడుగుతున్నారు. మధ్యలో 2017-18 సర్వేను నాణ్యత బాగాలేదని ప్రభుత్వం విడుదలే చేయలేదు. అందుకని ఆ పోలిక మరీ గట్టిగా చెప్పకూడదు.

ఫ్రిజ్ ఇంటి గురించి కలెక్షన్ అక్క రాసింది చదివాక, తిండి వాటా చూడాలనిపించింది. 1857లోనే ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త చెప్పాడు, ఇల్లు బాగుపడే కొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని. మన ఊళ్లలో 2011-12లో ఆ వాటా 52.9 శాతం. 2022-23కి 46.4కు తగ్గింది, మరుసటి ఏడు కొంచెం పెరిగి 47.04 అయింది.

కలెక్షన్ పని మానేసిన అక్క | అక్టోబర్ 9, రాత్రి 10:30

తమ్మీ, ఆ ఫ్రిజ్ ఇంట్లో కూడా తిండి వాటా తగ్గింది.

కేయూ రీడింగ్ రూమ్ | అక్టోబర్ 9, రాత్రి 10:50

అవునక్కా. ఇది పరీక్షలో రాయలేను కానీ మర్చిపోను.

హంటర్ రోడ్ ముంపు | నవంబర్ 2, ఉదయం 8:00

పాత చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మొంథా తుపానుకు మా ఇంట్లో నడుముల్లోతు నీళ్లు. 2023 జులైలోనూ ఇదే జరిగింది. ఈ నాలుగు రోజుల్లో మూడు పరుపులు, గ్యాస్ స్టవ్, మిక్సీ, పిల్లల పుస్తకాలు కొన్నాను. ఫ్రిజ్ మోటార్ రిపేర్, బండి ఇంజన్ రిపేర్, బురద ఎత్తినందుకు ఇద్దరు కూలీలు. నా జీవితంలో నాలుగు రోజుల్లో ఇంత ఖర్చు ఎప్పుడూ పెట్టలేదు.

పరుపుల షాపులో లైన్ ఉంది. నా వెనకాల ఒకాయన "గిరాకీ బాగుంది" అన్నాడు. నాకు వెంటనే ఈ చర్చ గుర్తొచ్చింది. ఆ లైన్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి పోయిన వారం వరకు పరుపులు ఉన్నాయి.

రిటైర్డ్ కామర్స్ సార్ | నవంబర్ 2, ఉదయం 10:10

నాయనా, పిల్లలు క్షేమమే కదా? ఏమైనా కావాలంటే చెప్పు, మాకు పైన ఒక గది ఖాళీగా ఉంది. లెక్కల సంగతి తర్వాత.

హనుమకొండ బట్టల షాపు | నవంబర్ 8, రాత్రి 11:10

ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నాను. మీరు రాసిన వాటిలోంచి నా షాపుకు పనికొచ్చే ప్రశ్నలు తీసుకుని దీపావళి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎంత అమ్మామన్నది కంప్యూటర్ చెప్తుంది. అది కాకుండా, నగదా కార్డా కిస్తీనా, పాత ఉద్దెర ఎంత తిరిగొచ్చింది, కొన్నది అవసరానికా పెట్టుడుకా, ఇవి రాస్తున్నాను. పాత ఉద్దెర దగ్గర నాకు విషయం తెలిసింది. దసరా గిరాకీ అంత ఉన్నా, నిరుటి బాకీలు నెమ్మదిగా వస్తున్నాయి. చేతిలో పైసలుంటే మనవాళ్లు ముందు బాకీ కట్టేస్తారు, మాట పడటం ఎవరికీ ఇష్టం ఉండదు. బాకీ అట్లాగే ఉంచి కొత్తది కొంటున్నారంటే, పండగ ఆపలేక కొంటున్నారు.

పై అంతస్తు వద్దని ఈ సాయంత్రమే ఓనర్‌కు చెప్పాను. ఆయన కొంచెం బాధపడ్డారు. కింద పట్టు కౌంటర్ సగం తగ్గించి పిల్లల రెడీమేడ్ పెంచుతున్నాను, దానికి అప్పు అక్కర్లేదు. జనవరి చివర్లో మేడారం జాతర ఉంది. అంతకుముందు పత్తి పైసలు చేతికొస్తే అప్పుడు మళ్లీ ఆలోచిస్తాను.

భూపాలపల్లి అన్నా, మీ స్కూటర్ సంతోషం నిజమైనదే, దాన్ని తక్కువ చేయట్లేదు. నా కస్టమర్లలో బోనస్ వచ్చేవాళ్లు తక్కువ, పత్తి మీద బతికేవాళ్లు ఎక్కువ.

నర్సంపేట అన్నా, యార్డులో మీ పత్తికి ఏం పలికిందో చెప్తారా? నాకు ఇప్పుడు టీవీ కన్నా అదే ముఖ్యం.

నర్సంపేట మిర్చి | నవంబర్ 11, రాత్రి 9:40

ఇవాళే పోయొచ్చాను అన్నా. మద్దతు ధర క్వింటాలుకు 8,110 అని బోర్డు మీద ఉంది. సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు తేమ 12 శాతం దాటితే తీసుకోరు. తుపానుకు తడిసిన పత్తి, నాలుగు రోజులు ఎండబెట్టినా మిషన్ మీద 17 చూపించింది. తిరిగి తీసుకుపోవాలంటే మళ్లీ బండి కిరాయి. బయట వ్యాపారికి 6,300కు ఇచ్చేశాను. అడ్తి బాకీలో కొంత కట్టాను. రెండో ఏరుడు చేను మీద ఉంది, అది మంచిగా ఎండితే సీసీఐకి పోతుంది.

జాతరకు మాత్రం వస్తాం. తల్లులకు నిలువెత్తు బంగారం మొక్కుకున్నాను, పాప బరువంత బెల్లం. అది ఎట్లాగైనా ఇస్తాను. బట్టల సంగతి రెండో ఏరుడు చూసి చెప్తాను.

హనుమకొండ బట్టల షాపు | నవంబర్ 11, రాత్రి 10:05

సరే అన్నా. ఎండాక ఎంత చూపించిందో రాయండి.